వాల్చందు హీరాచందు

కృష్ణా డెల్టాలోని గ్రామములకు కాలువలే తొలి రాజమార్గములు. 1855వ సంవత్సరమున విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తియైన పిమ్మట ధాన్యపు బస్తాలును, ప్రయాణికులును పడవలమీదనే బందరునకును, ఏలూరునకును పోయెడివారు. కాలువగట్లమీద ఎడ్లబండ్లు, పట్టణవీధులలో జట్కాలు తిరిగెడివి. మోటారు కారు జమీందారుల దివాణములలోను, దొరల బంగళాలలోను మాత్రమే కానవచ్చెడి వింతవస్తువు. దానిలోని ఒక్క మరమేకైనను ఈ దేశమున తయారైనది కాదు.

అట్టి డెల్టాలో 1960 తరువాత బందరు రోడ్డు మీదను, ఏలూరు రోడ్డు మీదను, గుడివాడకును తెనాలికిని పోవు మార్గములయందును ఒక చిన్న కుటుంబమునకు సరిపడు ఫియట్ కార్లు తిరుగసాగెను. వైద్యులు, న్యాయవాదులు, బియ్యపు మిల్లుల యజమానులు వానిని ముచ్చటపడి కొనిరి. ఆ కారు పుట్టినది ఇటలీ దేశమున. పెరిగినది బొంబాయి నగరమున. దానిని తయారుచేసిన కర్మాగారమును స్థాపించినవాడు వాల్చందు హీరాచందు. ఆయన మాత్రము ఆ కారు రోడ్డెక్కుటను కన్నులార చూడలేదు. ఆయన జీవితమున ఇట్టివి పెక్కు జరిగెను.

వాల్చందు 1882వ సంవత్సరము నవంబరు 23వ తేదీన షోలాపురమున జన్మించెను. వారిది సౌరాష్ట్రమునుండి వచ్చి స్థిరపడిన జైన కుటుంబము. ఇంటిపేరు దోషీ. తల్లి ఆయన పుట్టిన కొలదికాలమునకే మరణించెను. తండ్రి హీరాచందు ప్రత్తి వ్యాపారమును, వడ్డీ వ్యాపారమును చేయుచు పేరుగడించిన గృహస్థు. వాల్చందు బొంబాయిలోను, పూనాలోను కళాశాలలో చదివెను గాని పట్టము పుచ్చుకొనకయే ఇంటికి తిరిగివచ్చెను. దుకాణములో కూర్చుండి లెక్కలు వ్రాయుట ఆయన మనస్సునకు పట్టలేదు. వడ్డీ పుస్తకము చేతికిచ్చిన చాలును, ఆయనకు ఆవలింతలు వచ్చెడివేమో!

ఆ కాలమున లక్ష్మణరావు ఫాటక్ అను నొకరు రైల్వేలో గుమాస్తాగా పనిచేసి, ఆ ఉద్యోగమును వదలి కంట్రాక్టు పనులు చేపట్టదలచియుండెను. ఆయనకు పని తెలియును, ధనము లేదు. వాల్చందునకు ధనము కూర్చు దారి తెలియును, పని తెలియదు. ఇరువురును కలిసి ఫాటక్ – వాల్చంద్ అను భాగస్వామ్యము నేర్పరచి, బార్శీ వైపు పోవు చిన్న రైలుమార్గమునకు కొన్ని మైళ్ల పొడవున కట్ట పోయు పనిని సంపాదించిరి. ఆ చిన్నపనితో మొదలైన వృత్తి నానాటికి పెరిగెను. బొంబాయి నుండి పూనా పోవు మార్గమున బోర్ ఘాటు కొండలను తొలిచి సొరంగములు నిర్మించినవారిలో వాల్చందు ఒకడు. 1926వ సంవత్సరమున స్థాపితమైన హిందూస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆయనదే. ఇంతటితో తృప్తిపడియున్నచో ఆయన ధనవంతుడుగా సుఖముగా జీవించి, నలుగురు కంట్రాక్టర్లలో ఒకడుగా మరపున పడియుండెడివాడు.

మొదటి ప్రపంచయుద్ధము ముగియునాటికి ఈ దేశపు సముద్రవ్యాపారమంతయు ఆంగ్ల కంపెనీల చేతిలో నుండెను. పూర్వము మన తీరమున అట్లు లేదు. బందరు రేవునుండి అద్దకపు వస్త్రములు పారసీక దేశమునకును, ఐరోపాకును ఎగుమతి యయ్యెడివి. గోదావరి ముఖములయందలి కోరంగి, నరసాపురముల వద్ద మన వడ్రంగులే సముద్రమునకు పోదగిన ఓడలను కట్టెడివారు. ఆవిరియోడలు వచ్చిన పిదప ఆ విద్య అడుగంటెను. 1864వ సంవత్సరపు ఉప్పెనలో వేలకొలది ప్రాణములు పోయి బందరు తిరిగి కోలుకొనలేని దెబ్బతినెను. తరువాత మన బియ్యము, మన ప్రత్తి పరుల ఓడలలో, పరులు నిర్ణయించిన కిరాయికి పోవలసివచ్చెను.

1919వ సంవత్సరమున గ్వాలియరు మహారాజు తన ఓడ నొకదానిని అమ్మదలచెనని వాల్చందు వినెను. అది యుద్ధకాలమున రోగుల ఓడగా నుపయోగపడినది. పేరు లాయల్టీ. నరోత్తం మొరార్జీ మున్నగు మిత్రులతో కలిసి ఆయన దానిని కొని, సింధియా స్టీం నావిగేషన్ కంపెనీని స్థాపించెను. ఆ సంవత్సరము ఏప్రిలు 5వ తేదీన లాయల్టీ బొంబాయి నుండి లండనునకు బయలుదేరెను. లాయల్టీ అనగా రాజభక్తి; ఆ పేరుగల ఓడయే పాలకుల వ్యాపారమునకు ఎదురు నిలుచుట చిత్రము. స్వతంత్ర భారతము తరువాత ఏప్రిలు 5ను జాతీయ నౌకాదినముగా పాటింపసాగెను.

ఆంగ్ల కంపెనీలు ఊరకుండలేదు. సింధియా ఓడ ఏ రేవునకు పోయినను అచట తమ కిరాయిలను తగ్గించి, సరకులు దానికి దొరకకుండ చేసిరి. పెద్ద కంపెనీ నష్టమును పదేండ్లు భరింపగలదు. పసికంపెనీ పది నెలలైనను భరింపజాలదు. కడకు 1923లో సింధియావారు హద్దులు విధించిన ఒడంబడికకు తలయొగ్గి ప్రాణము దక్కించుకొనిరి. ఈ అనుభవము వాల్చందు హృదయమున గాఢముగా నాటుకొనెను. కొత్తగా మొలచిన పరిశ్రమకు కంచె కావలెననియు, ఆ కంచె వేయవలసినది ప్రభుత్వమే యనియు ఆయన నమ్మెను. తీరవ్యాపారమును భారతీయుల ఓడలకే ప్రత్యేకింపవలెనను బిల్లు 1928లో కేంద్ర శాసనసభకు వచ్చినపుడు దానిని ఆయన బలపరచెను. అది శాసనము కాలేదు.

ఇక మోటారు కార్ల కథ. విద్యార్థులు ఇచట ఒక భేదమును గమనింపవలెను. కారును బిగించుట వేరు, నిర్మించుట వేరు. అమెరికా దేశపు జనరల్ మోటార్స్ కంపెనీ 1928 నుండియే బొంబాయిలో కార్లను బిగించుచుండెను. భాగములన్నియు పెట్టెలలో ఓడలమీద వచ్చెడివి. ఇచటి పనివారు వానిని విప్పి, చక్రములు తగిలించి, మరలు బిగించి, రంగు పూసి బయటికి పంపెడివారు. అందువలన కొందరికి కూలి దొరకెను గాని విద్య అబ్బలేదు. ఇనుము పోతపోసి ఇంజను దిమ్మను చేయుట, పండ్లచక్రములను కోయుట, రేకును అచ్చులో నొక్కి తలుపుగా మార్చుట – ఇవి తెలిసిన దేశమే కారును నిర్మింపగలదు. ఇవి తెలిసినచో ట్రాక్టరును, నీటి పంపును, ఇంజనును గూడ నిర్మింపగలదు.

ఈ సంగతిని మొదట గట్టిగా చెప్పినవాడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. 1908వ సంవత్సరపు మూసీ వరదల తరువాత హైదరాబాదు రక్షణకు ఉపాయము చెప్పిన ఇంజనీరు ఆయనయే. ఆయన విదేశములలో తిరిగి, కర్మాగారములను చూచి, ఈ దేశమున కార్ల నిర్మాణమునకు 1936లో ఒక ప్రణాళికను సిద్ధపరచెను. అప్పటికి ఆయన వయస్సు డెబ్బదియైదు దాటెను. ఆ ప్రణాళికను కార్యరూపమున పెట్టుటకు ముందుకు వచ్చినవాడు వాల్చందు.

1939లో వాల్చందు అమెరికా వెళ్లెను. ఫోర్డు కంపెనీతో జరిగిన సంప్రదింపులు ఫలింపలేదు. 1940లో క్రైస్లర్ కంపెనీ ఒడంబడికకు సమ్మతించెను. నమూనాలు వారివి, కర్మాగారము మనది, వారికి రుసుము చెల్లించి వారి కార్లను ఇచట తయారుచేయవలెను. దీనినే లైసెన్సు పద్ధతి యందురు. అంతయు సిద్ధమైన సమయమున ఢిల్లీలోని ప్రభుత్వము అడ్డుపడెను. యుద్ధము జరుగుచున్నది, కార్ల పరిశ్రమ యుద్ధమునకు అవసరమైనది కాదని పాలకులు నిర్ణయించి, యంత్రములు తెచ్చుకొనుటకు వలయు సహాయమును నిరాకరించిరి. యుద్ధమున సైన్యమునకు లారీలు వేలకొలది కావలసియుండగనే ఈ మాట చెప్పిరి.

మూసిన తలుపు వద్ద కూర్చుండువాడు కాడు వాల్చందు. అమెరికానుండి తిరుగు విమానప్రయాణములో విలియం పాలీ అను ఒక విమానవ్యాపారి ఆయనకు తటస్థపడెను. ఆ పరిచయమునుండి మరియొక సాహసము పుట్టెను. మైసూరు సంస్థానపు దివాను మీర్జా ఇస్మాయిలు స్థలమును, భాగస్వామ్యమును ఇచ్చుటకు అంగీకరించగా, 1940 డిసెంబరులో బెంగుళూరున హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ ఏర్పడెను. మరుసటి యేడే హార్లో అను శిక్షణ విమానము అచటనుండి ఆకాశమున కెగిరెను. జపానువారు యుద్ధమున దిగిన పిమ్మట 1942లో ప్రభుత్వము ఆ కర్మాగారమును తన చేతిలోనికి తీసికొనెను.

ఓడల నిర్మాణమునకును ఆ దినములలోనే ఆంధ్రతీరము వేదికయయ్యెను. కలకత్తాలో స్థలము కుదరకపోగా వాల్చందు చూపు విశాఖపట్టణముపై పడెను. తరువాత రాష్ట్రపతియైన బాబూ రాజేంద్రప్రసాదు 1941వ సంవత్సరము జూను 21వ తేదీన అచట నౌకానిర్మాణ కేంద్రమునకు శంకుస్థాపన చేసెను. పది నెలలైనను కాకమునుపే, 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసెను. కాకినాడయు ఆనాడు దాడికి గురియయ్యెను. తీరమంతట ప్రజలు భయకంపితులై పల్లెలకు పోయిరి. వాల్చందు యంత్రములను బొంబాయికి తరలించి, పరిస్థితి చక్కబడగనే తిరిగి తెచ్చి పని సాగించెను. 1948 మార్చి 14వ తేదీన ప్రధానమంత్రి జవహర్లాల్ నెహ్రూ చేతులమీదుగా జలఉష అను ఎనిమిదివేల టన్నుల ఆవిరియోడ విశాఖ సముద్రమున దిగెను. కోరంగి వడ్రంగుల విద్య అడుగంటిన తీరముననే ఇది జరిగెను. నాలుగేండ్లకు, 1952లో, ఆ కేంద్రములో అధికభాగము ప్రభుత్వపరమయ్యెను.

యుద్ధము ముగియవచ్చిన 1944లో వాల్చందు తన కార్ల యోచనను మరల చేపట్టి, ప్రీమియర్ ఆటోమొబైల్స్ అను కంపెనీని నమోదు చేయించెను. బొంబాయి శివారున కుర్లాలో కర్మాగారము వెలసెను. 1947వ సంవత్సరమున, స్వాతంత్ర్యము వచ్చుటకు కొలది నెలలముందు, క్రైస్లర్ నమూనాల ప్రకారము వాహనములు అచటినుండి బయటికి రాసాగెను. డాడ్జి లారీలు, ప్లిమత్ కార్లు మొదట వచ్చినవి. ఆ కార్లు పెద్దవి, పెట్రోలు అధికముగా త్రాగెడివి, ధనవంతులకే తగినవి. సామాన్య గృహస్థునకు చిన్నకారు కావలెనని గ్రహించి కంపెనీవారు ఇటలీలోని ఫియట్ కంపెనీతో మైత్రి చేసికొనిరి.

వాల్చందు దోషములు లేనివాడని చెప్పరాదు. చేతిలో సొమ్ము చేరకమునుపే ఆయన పని మొదలుపెట్టెడివాడు. ఒక పరిశ్రమ నిలదొక్కుకొనకమునుపే రెండవదానికి పునాది త్రవ్వెడివాడు. అప్పులిచ్చినవారును, తోడి భాగస్వాములును ఆయనతో వేగలేక విసిగిన సందర్భములు కలవు. జాగ్రత్తపరుడైన వర్తకుడు ఇట్లు చేయడు. అయితే జాగ్రత్తపరులైన వర్తకులు ఆ కాలమున ఓడలును, విమానములును, కార్లును నిర్మింప సాహసింపలేదు.

1949లో ఆయనకు పక్షవాతము వచ్చెను. మరుసటి సంవత్సరము వ్యాపారములనుండి విరమించెను. భార్య కస్తూరిబాయి పరిచర్యలు చేయుచుండగా కొన్నాళ్లు గడపి, 1953 ఏప్రిలు 8వ తేదీన గుజరాతులోని సిద్ధపురమున ఆయన కన్నుమూసెను. అప్పటికి వయస్సు డెబ్బది. కంపెనీ భారము తమ్ముడు లాల్‌చందు మొదలైనవారిపై పడెను.

ఆ సంవత్సరముననే, ఆయన జీవితమంతయు కోరిన కంచెను ప్రభుత్వము వేసెను. టారిఫ్ కమిషన్ సలహానుసరించి, ఈ దేశమున భాగములను నిర్మింపక కేవలము బిగించుచున్న కంపెనీలు ఇక సాగరాదని నిర్ణయమయ్యెను. జనరల్ మోటార్స్, ఫోర్డు కంపెనీలు వెడలిపోయెను. కార్ల నిర్మాణమునకు ముఖ్యముగా ముగ్గురు మిగిలిరి: కలకత్తా వద్ద బిర్లాల హిందూస్థాన్ మోటార్స్, మద్రాసులో స్టాండర్డ్, బొంబాయిలో ప్రీమియర్. మొదటివారి మోరిస్ నమూనా అంబాసిడర్‌గా ప్రసిద్ధికెక్కెను. ప్రీమియర్‌వారు 1954 నుండి ఫియట్ 1100 అను నమూనాను చేపట్టిరి.

ఆ కారు ఇంజను 1089 ఘనసెంటీమీటర్లది. నలుగురు సుఖముగా, ఐదుగురు సర్దుకొని కూర్చుండవచ్చును. గేరుకర్ర స్టీరింగు క్రిందనే యుండుటచే ముందు సీటు ఒకే బల్లవలె విశాలముగా నుండెడిది. మన ఇండ్లలో ఐదుగురితో ఆగుట ఎన్నడు? పిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొని ఎనమండుగురు ప్రయాణము చేసినను అది కదలెడిది. 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తియై దానిమీది మార్గము తెరువబడుటతో విజయవాడ నుండి గుంటూరు వైపునకు కార్ల రాకపోకలు సుకరమయ్యెను. ఏటేట ఇంకొన్ని భాగములు ఈ దేశముననే తయారు కాసాగెను. విశ్వేశ్వరయ్య కోరిన విద్య మెల్లమెల్లగా పనివారి చేతికి వచ్చెను.

ఆ దినములలో కారు కొనుట ఎంతటి పనియో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును. లాల్ బహదూర్ శాస్త్రి ప్రధానమంత్రియైన పిదప కుటుంబసభ్యుల కోరికపై ఒక ఫియట్ కారు కొనదలచెను. వెల సుమారు 12,000 రూపాయలు. ఆయనవద్ద ఉన్నది 7,000. మిగిలిన 5,000 రూపాయలను పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు చేసెను. అప్పు తీరకమునుపే 1966 జనవరిలో తాష్కెంటులో ఆయన మరణించెను. భార్య లలితాదేవి తన పింఛను నుండి ఆ బాకీని తీర్చెను.

సొమ్మున్నవారికైనను కారు వెంటనే దొరకెడిది కాదు. పేరు నమోదు చేసికొని ఏండ్ల తరబడి వేచియుండవలెను. ఎన్ని కార్లు చేయవలెనో ప్రభుత్వమే నిర్ణయించెడిది. కొంతకాలము వెల గూడ ప్రభుత్వమే నిర్ణయించెను. ఆ వెల చాలదని కంపెనీవారు సుప్రీంకోర్టు వరకు పోయిరి. కొనువారు బారులు తీరి నిలిచియుండగా కొత్త నమూనాలకై ధనము వెచ్చింపవలెనను తొందర ఎవరికుండును? ఇటలీ దేశమున 1969 నాటికి 1100 జాతి కార్ల నిర్మాణము ఆగిపోయెను. కుర్లాలో అదియే సాగెను. ఫియట్‌తో ఒడంబడిక ముగియగా 1973లో దానికి ప్రీమియర్ ప్రెసిడెంట్ అనియు, 1974లో చిత్తూరు రాణి పేర పద్మిని అనియు నామకరణము చేసిరి. పేరు మారెను గాని బండి మారలేదు. పసిమొక్కకై అడిగిన కంచె చెట్టు పెరిగిన పిమ్మటను తొలగింపబడక గాలిని, వెలుతురును గూడ అడ్డగించెను. వాల్చందు బ్రతికియున్నచో ఇరువది సంవత్సరములు ఒకే నమూనాను పట్టుకొని కూర్చుండియుండెడివాడా యనునది ఆలోచింపదగిన ప్రశ్న.

1983 డిసెంబరులో జపాను దేశపు సుజుకి కంపెనీ సహకారముతో మారుతి 800 బయలువెడలెను. అది తేలికైనది, చురుకైనది, పెట్రోలు తక్కువ త్రాగునది. ఇదియు పరుల నమూనాయే; కాని నాటి నమూనా. దానిముందు పద్మిని ముసలిదై కనబడెను. ప్రీమియర్‌వారు 1985లో మరియొక కారును తెచ్చిరి గాని అది మారుతిని అందుకొనలేదు. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సుల నిర్బంధము తొలగెను. విదేశీ కంపెనీలు మరల వచ్చెను. కుర్లాలో సమ్మెలు, నష్టములు పెరిగి, శతాబ్ది మారునాటికి పద్మిని నిర్మాణము ఆగిపోయెను. అంబాసిడర్ 2014 వరకు సాగి తానును నిలిచెను.

కారు నిర్మాణము ఆగినను దాని మూలమున పుట్టిన విద్య ఆగలేదు. మద్రాసు – కలకత్తా మార్గమును, హైదరాబాదు – బందరు మార్గమును కలిసికొను విజయవాడలో 1966లో ఏర్పడిన జవహర్ ఆటోనగరు ఆసియాలోని పెద్ద వాహన మరమ్మతు కేంద్రములలో ఒకటిగా పేరుపొందెను. లారీలకు, బస్సులకు బాడీలు కట్టువారు, లేతు పనివారు, ఇంజను బోరింగు చేయువారు, పాతభాగములను అమ్ముకొనువారు అచట వేలసంఖ్యలో జీవించుచున్నారు. ఫియట్, అంబాసిడర్ వంటి సులభమైన యంత్రములను విప్పి బిగించుటలో చేయితిరిగిన మేస్త్రీల వద్దనే వారిలో పెక్కుమంది పెద్దలు పని నేర్చుకొనిరి.

2004లో భారత తపాలాశాఖ వాల్చందు స్మారకముగా ఒక బిళ్లను వెలువరించెను. బొంబాయిలో నలుపు, పసుపు రంగుల పద్మిని టాక్సీలు అటుపిమ్మట మరికొన్నేండ్లు తిరిగెను. ఇరువది సంవత్సరములు దాటిన వాహనము అచట టాక్సీగా తిరుగరాదను నియమము కలదు. చివరి పద్మిని టాక్సీకి ఆ గడువు 2023వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీతో ముగిసెను.